మియాటా గేర్ రాడ్‌తో తొమ్మిదేళ్లు

పవర్ ఎంత, బరువెంత, హెడ్‌లైట్లు ఎలా పైకి లేస్తాయి లాంటివి ఈ కారు మీద ఇష్టం ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. నాది 1990 మోడల్ మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు. తొమ్మిదేళ్లుగా నా దగ్గరుంది. ఇప్పటికీ సీట్లో కూర్చోగానే, తాళం తిప్పకముందే, నా చెయ్యి పోయేది గేర్ రాడ్ మీదికే. నేను చెప్పాలనుకున్నదంతా దాని గురించే.

చాలా కార్లలో రాడ్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కేబుళ్లో లింకులో ఉంటాయి. ఇక్కడ కదిపితే అక్కడెక్కడో గేర్ పడుతుంది. మియాటాలో గేర్‌బాక్స్ మన చేతికిందే ఉంటుంది, రాడ్ కొస నేరుగా దాని లోపలికి దిగుతుంది. రెండు నుంచి మూడుకి వేస్తుంటే సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) పట్టుకోవడం, అర క్షణం ఆగడం, ఆ తర్వాత గేర్ మెత్తగా లోపలికి జారడం, అన్నీ అరచేతికి విడివిడిగా తెలుస్తాయి. దీనికి తోడు గేర్‌బాక్స్‌నీ వెనకాల డిఫరెన్షియల్‌నీ (వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె) కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఆ రెండూ ఒకే ముక్కలా కదులుతాయి. ఆ బిగువు చేతిదాకా వస్తుంది.

1989లో వచ్చిన ఈ కారుకి తోషిహికో హిరాయ్ చీఫ్ ఇంజనీరు. ‘జిన్బా ఇత్తాయ్’ అన్నది ఆయన బృందం పెట్టుకున్న లక్ష్యం, అంటే గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం. చాలాకాలం అది ప్రకటనల కోసం పుట్టిన మాట అనుకున్నాను. ఒకరోజు రాత్రి నడిరోడ్డు మీద క్లచ్ పోయాక నమ్మాను.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. కొన్న రెండో ఏడు షార్ట్ షిఫ్టర్, అంటే తక్కువ దూరం కదిలే గేర్ రాడ్, వేయించాను. మొదటి నెల రోజులూ కనబడ్డ ప్రతివాళ్లకీ దాని గురించే చెప్పాను. రాడ్ తిరిగే దూరం తగ్గింది, గేర్లు టకటకా పడుతున్నాయి, మియాటాకి చేయించాల్సిన మొదటి మార్పు ఇదే అన్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ దూరం తగ్గితే ఆ మేరకు చేతి బలం ఎక్కువ పెట్టాలి, సింక్రోకి దొరికే సమయం తగ్గుతుంది. మనం తొందరపడితే అది తట్టుకోలేదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

నాలుగో ఏడు నుంచి ఉదయం పూట ఫస్ట్ గేర్ సరిగా పడకపోవడం, రివర్స్ వేస్తుంటే గర్రుమనడం మొదలైంది. నేను తప్పంతా షార్ట్ షిఫ్టర్ మీదికి నెట్టేశాను. క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. అందులో ఆయిల్ నల్లగా, డికాక్షన్‌లా ఉంది, మట్టం గీత కన్నా కిందికి పోయింది. ఇబ్బంది రాడ్‌ది కాదు. పెడల్ తొక్కినా క్లచ్ ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ పూర్తిగా విడదీయడం లేదు.

ఆ రాత్రి ఒక సిగ్నల్ దగ్గర ఆగి, ఆకుపచ్చ పడగానే క్లచ్ తొక్కాను. పెడల్ కాలికి ఏమాత్రం ఎదురు చెప్పకుండా నేలదాకా పోయి అక్కడే ఉండిపోయింది. బొటనవేలితో పైకి లాగితే లేచింది, మళ్లీ తొక్కితే మళ్లీ నేలకే. వెనక నుంచి హారన్లు. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. న్యూట్రల్‌లో ఉండటం వల్ల కారుని పక్కకి తోయగలిగాను. కింద ఫోన్ లైటు వేసి చూస్తే గేర్‌బాక్స్ పక్కన, ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ నుంచి ఆయిల్ బొట్లు బొట్లుగా కారుతోంది.

ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. టో బండి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగాను. ఇంజను ఆపి, ఫస్ట్ గేర్ వేసి, సెల్ఫ్ కొట్టాను. కారు రెండుసార్లు కుదుపిచ్చి గేర్‌లోనే కదిలింది, ఇంజను అందుకుంది. ఇక మిగిలింది గేర్లు మార్చడం. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా వదిలితే గేర్ల మీద ఒత్తిడి పోయే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో రెండు వేళ్లతో లాగితే రాడ్ న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. తర్వాత తొందర పడకూడదు. ఈ గేర్‌బాక్స్‌లో రెండో గేర్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉంటే, అదే స్పీడుకి మూడో గేర్‌లో ఇంజను తిరగాల్సింది సుమారు 1,760. అప్పుడు ఈ లెక్క నాకు తెలియదు. రాడ్‌ని మూడో గేర్ వైపు మెల్లగా ఆనించి పట్టుకున్నాను, అంతే. ఇంజను దిగుతూ దిగుతూ ఆ దగ్గరికి రాగానే చేతికి తెలుస్తున్న రాడ్ వణుకు ఆగిపోయింది, రాడ్ తనంతట తానే లోపలికి వెళ్లింది. ఒక్క చప్పుడు లేదు.

రెండుసార్లు సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగాల్సి వచ్చింది. రెండుసార్లూ న్యూట్రల్, ఇంజను ఆఫ్, ఫస్ట్ గేర్, మళ్లీ సెల్ఫ్. ఒకసారి రెండో గేర్ కోసం తొందరపడితే గర్రుమంది, వెంటనే చెయ్యి తీసేశాను. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. ఆ రాత్రి మాత్రం రౌతుకే ఒక కాలు లేదు, గుర్రమే నడిపించుకుని తీసుకొచ్చింది. ఇలా ఎవర్నీ చేయమనను. రద్దీలో ప్రమాదం, స్టార్టర్‌కీ మంచిది కాదు.

స్లేవ్ సిలిండర్ కారుతో వచ్చింది కాదు. నాకు అమ్మినాయన ఏదో బయటి కంపెనీది వేయించాడు. విప్పితే రబ్బరు కప్పు అంచు తెగి ఉంది, లోపల తుప్పు గీతలు. బ్రేక్, క్లచ్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే జరిగేది ఇదే. స్లేవ్ ఒక్కటే మార్చి ఊరుకోకుండా పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్, రబ్బరు హోస్ కూడా మార్పించాను. ఒకటి కొత్తదైతే పాతగా మిగిలిన రెండోది త్వరలోనే కారుతుందని మెకానిక్ చెప్పాడు.

ఆ పనిలోనే షార్ట్ షిఫ్టర్ తీసేసి పాత రాడ్ పెట్టించాను. అసలు ఆనందం అక్కడ దొరికింది. లెదర్ కవర్ తీస్తే కింద పెద్ద రబ్బరు బూట్ (తొడుగు), దాని కింద మూడు బోల్టులు, వాటి కింద చిన్న బూట్. చిన్నది చుట్టూ చిరిగి ఉంగరంలా ఊడొచ్చింది. ఎండాకాలం మోచేతికి తగిలే వేడిగాలి అటునుంచేనట! రాడ్ కొసకి ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్ (రాడ్ వదులుగా ఆడకుండా పట్టి ఉంచే చిన్న తొడుగు) సగమే మిగిలింది. లోపల గిన్నెలా ఉండే చోట కొంచెం ఆయిల్ విడిగా పోయాలి, అది ఎండిపోయి ఉంది. అంటే అన్నేళ్లూ నేను షార్ట్ షిఫ్టర్‌తో సరిచేయాలనుకున్న లూజుతనం, చిటికెన వేలి గోరంత బుష్‌ది. కొత్త బుష్, రెండు బూట్లు, కొత్త ఆయిల్ పడ్డాక మొదటిసారి గేర్ వేసినప్పుడు వినిపించిన ఆ చిన్న ‘టక్’ కోసం ఆ సాయంత్రం ఊరికే రెండు గంటలు తిరిగాను.

ఇంత చెప్పాక కొన్ని ఒప్పుకోవాలి. చల్లటి ఉదయాల్లో రెండో గేర్ ఇప్పటికీ మొండికేస్తుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా బతిమాలుకోవాలి. ఐదో గేర్‌లో కూడా 100 స్పీడు దగ్గరే ఇంజను 3,000 ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది, దూర ప్రయాణంలో ఆ మోత చెవుల్లో ఉండిపోతుంది. ఆరో గేర్ ఉంటే బాగుండును అని చాలాసార్లు అనుకున్నాను.

నా మటుకు నేను దీన్ని అమ్మను. కానీ నేను నడిపేది ఆదివారాలు, ఎక్కువగా ఒంటరిగా. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఇంట్లో వేరే కారుంది. నా ఎత్తుకి సీటు సరిపోయింది, ఆరడుగులున్న మా తమ్ముడి తల రూఫ్‌కి తగులుతుంది. రోజూ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కాల్సినవాళ్లకి, ఒకే కారు పెట్టుకోగలిగినవాళ్లకి ఇదే మాట చెప్పగలనా అంటే చెప్పలేను. ఎవరైనా పాతది చూడ్డానికి వెళ్తే మాత్రం ముందు క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి రంగు చూడండి, తర్వాత ఇంజను ఆపి ఉండగా గేర్ రాడ్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. నా షార్ట్ షిఫ్టర్ ఇంకా అటక మీదే ఉంది. మొన్న ఒక స్నేహితుడు అడిగాడు. ముందు నీ బుష్ మార్చి చూడు, అప్పటికీ కావాలనిపిస్తే వచ్చి తీసుకెళ్లు అన్నాను. ఇంకా రాలేదు.