జంప్ స్టార్టా, ఛార్జరా?

పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే మొదట గుర్తొచ్చేది జంప్ కేబుళ్లే, అంటే మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే వైర్లు. అయిదు నిమిషాల్లో ఇంజిన్ తిరుగుతుంది, కానీ బ్యాటరీ నిండదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని కాసేపు బండి నడిపి నింపుదామనుకుంటే ఆ భారమంతా ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం) మీద పడుతుంది. పైగా చివరి నెగటివ్ క్లిప్పును దిగిపోయిన బ్యాటరీకి కాకుండా ఇంజిన్ లోహానికే తగిలించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, నిప్పురవ్వ చాలా ప్రమాదం.

ఛార్జర్ నిదానం. 4, 5 ఆంపియర్లతో రాత్రంతా పెట్టాలి, గాలి ఆడే చోట. అయినా అత్యవసరం లేకపోతే నా ఓటు దీనికే. బ్యాటరీ నిజంగా నిండుతుంది, దాని అసలు స్థితీ బయటపడుతుంది. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దాకా నిలిస్తే మంచిదే. 12.2కి జారితే బ్యాటరీ అలసిపోయినట్టే.

ఏది వాడినా, ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర ఒకసారి కొలవండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్‌నూ, దాన్ని తిప్పే బెల్టునూ చూడాలి. ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించడం మాత్రం దయచేసి వద్దు, ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే ముందు అది శుభ్రం చేయండి.