డామ్‌పార్సర్: పని చక్కగా చేస్తుంది, తప్పు జరిగితే మాత్రం నోరు మెదపదు

బ్రౌజర్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్ (డేటాను ట్యాగ్‌ల మధ్య రాసే పద్ధతి) టెక్స్ట్‌ను డాక్యుమెంట్ ఆబ్జెక్టుగా మార్చడానికి, అంటే పార్స్ చేయడానికి, బయటి లైబ్రరీ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఉన్న డామ్‌పార్సర్ చాలు. సైట్లు తమ కొత్త విషయాల జాబితా ఇచ్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు, ఎస్‌వీజీ బొమ్మలు, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో సందేశాలు పంపుకునే సోప్ సర్వీసుల జవాబులు అన్నిటికీ ఏళ్ల తరబడి దీన్నే వాడాక నా అభిప్రాయం ఇది: వేగం, కచ్చితత్వం రెండూ ఉన్నాయి. విఫలమైన సంగతి మాత్రం అడిగితే తప్ప చెప్పదు.

వాడటం తేలిక. ఆబ్జెక్టు తయారుచేసి పార్స్‌ఫ్రమ్‌స్ట్రింగ్‌కు టెక్స్ట్, దాని రకం ఇవ్వాలి. రకం ఐదింటిలో ఒకటై ఉండాలి: టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్, టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్, అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్, అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్+ఎక్స్‌ఎమ్‌ఎల్, ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎమ్‌ఎల్. ఇంకేది ఇచ్చినా టైప్‌ఎర్రర్ వస్తుంది. అయితే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎంత పాడైపోయి ఉన్నా ఎక్సెప్షన్ (కోడ్‌ను మధ్యలో ఆపే ఎర్రర్) రాదు. చుట్టూ ఎక్సెప్షన్లను పట్టుకునే ట్రై-క్యాచ్ పెట్టి నిశ్చింతగా ఉన్న కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. పాడైన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ క్యాచ్‌లో ఎన్నడూ పడదు.

తప్పు దొరికినప్పుడు డామ్‌పార్సర్ తిరిగిచ్చేది పార్సర్‌ఎర్రర్ అనే ఎలిమెంట్ (ట్యాగ్‌తో గుర్తించిన భాగం) ఉన్న డాక్యుమెంట్. అది ఎక్కడ ఉంటుందో బ్రౌజర్‌ను బట్టి మారుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అదే రూట్ (అన్నిటికీ పైనుండే ఎలిమెంట్), మిగతాదంతా పోతుంది. క్రోమ్ మాత్రం అప్పటిదాకా చదివిన ఎలిమెంట్ల చెట్టును అలాగే ఉంచి, దాని లోపల పార్సర్‌ఎర్రర్‌ను చేరుస్తుంది. 200 ఐటమ్‌ల ఫీడ్‌లో 120వ దాని దగ్గర తప్పుంటే ఫైర్‌ఫాక్స్‌లో ఐటమ్‌లు సున్నా, క్రోమ్‌లో మాత్రం వందకు పైగా కనిపిస్తాయి. ఈ రెండోదే ప్రమాదం. సగం డేటా పూర్తి డేటాలా చలామణీ అయిపోతుంది. అందుకే పార్స్ చేసిన వెంటనే, మరే పనికన్నా ముందు, క్వెరీసెలెక్టర్‌తో పార్సర్‌ఎర్రర్ కోసం వెతకాలి. దొరికితే మనమే ఎర్రర్ విసరాలి. అందులోని సందేశాన్ని లాగ్‌లో రాసుకోవచ్చు గానీ, దాన్నుంచి లైన్ నంబర్ లాగే కోడ్ రాయకూడదు. ఆ వాక్యం ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ఉంటుంది.

ఎక్కువగా పార్స్‌ను చెడగొట్టేది యూఆర్‌ఎల్‌లో విడిగా వదిలేసిన ఆంపర్‌సాండ్ (&). తర్వాతిది నాన్‌బ్రేకింగ్ స్పేస్ కోసం రాసే ఎన్‌బీఎస్‌పీ ఎంటిటీ (అక్షరానికి బదులు రాసే పేరు). హెచ్‌టీఎమ్‌ఎల్‌లో అది చెల్లుతుంది, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మాత్రం ముందే తెలిసిన ఎంటిటీలు ఐదే. దాని బదులు 160 అంకెతో క్యారెక్టర్ రెఫరెన్స్ ( ) రాయాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్‌కు (ఫైలు మొదట వెర్షన్ వంటివి చెప్పే లైన్) ముందు ఒక్క ఖాళీ లైన్ ఉన్నా పార్స్ ఆగిపోతుంది. బ్యాక్‌టిక్‌ల మధ్య రాసిన టెస్టు డేటాలో ఇది తరచూ జరుగుతుంది, ట్రిమ్ చేస్తే సరి. డేటాబేస్ నుంచి జారిపడే కంట్రోల్ క్యారెక్టర్లు మరో బెడద. ట్యాబ్, లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్ తప్ప 32 కంటే తక్కువ కోడ్ ఉన్న ఏ అక్షరాన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ఒప్పుకోదు.

వీటితో విసిగి టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్‌కు మారేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో లింక్ అనేది లోపల ఏమీ పట్టని ఎలిమెంట్ కాబట్టి, ఆర్‌ఎస్‌ఎస్ లింక్‌లోని చిరునామా దాని బయట పడుతుంది. ట్యాగ్‌లుగా చదవకుండా మామూలు టెక్స్ట్‌గా ఉంచే సీడేటా భాగాలు కామెంట్లయిపోతాయి.

తెలుగులాంటి భాషల ఫీడ్లు చదివేవాళ్లు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) కూడా చూసుకోవాలి. సర్వర్ నుంచి డేటా తెప్పించే ఫెచ్ జవాబు మీద టెక్స్ట్ మెథడ్ పిలిస్తే అది ఎప్పుడూ యూటీఎఫ్-8గానే డీకోడ్ చేస్తుంది. ఫైలు యూటీఎఫ్-16 అయితే డామ్‌పార్సర్ చేతికి వచ్చేసరికే అక్షరాలు చెడిపోయి ఉంటాయి, డిక్లరేషన్‌లో ఏం రాసున్నా లాభం లేదు. అరేబఫర్ (ముడి బైట్లు) తీసుకుని సరైన పేరుతో టెక్స్ట్‌డీకోడర్‌కు ఇవ్వాలి.

నేమ్‌స్పేస్‌ల (ఒకే పేరున్న ఎలిమెంట్లను వేరుచేసే గుర్తులు) దగ్గర చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. మీడియా అనే ప్రిఫిక్స్‌తో ఉన్న కంటెంట్ ఎలిమెంట్‌ను కోలన్‌తో సహా క్వెరీసెలెక్టర్‌కు ఇస్తే దొరకదు, కోలన్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టినా అంతే. గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్‌ఎన్‌ఎస్‌కు నేమ్‌స్పేస్ యూఆర్‌ఐ, ప్రిఫిక్స్ లేని పేరు ఇవ్వడమే నమ్మకమైన దారి. చెట్టులో దారి రాసి ఎలిమెంట్లను వెతికే ఎక్స్‌పాత్‌లో ఇంకో తిరకాసు: ప్రిఫిక్స్ లేని పేరంటే ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని ఎలిమెంట్ అని అర్థం. ఆర్‌ఎస్‌ఎస్‌లాంటిదే అయిన ఆటమ్ ఫీడ్‌లో ఎంట్రీ అని ఉత్తగా రాస్తే ఏమీ రాదు. మనకు నచ్చిన ప్రిఫిక్స్ పెట్టుకుని, దాన్ని ఆటమ్ యూఆర్‌ఐకి ముడివేసే రిజాల్వర్ ఫంక్షన్ ఇవ్వాలి.

భద్రత విషయానికొస్తే, పార్స్ చేసిన డాక్యుమెంట్‌లో స్క్రిప్టులు నడవవు. కానీ అందులోని ఎస్‌వీజీ, ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్లను పేజీలోకి తెచ్చిన క్షణం ఆన్‌ఎర్రర్, ఆన్‌క్లిక్ వంటి యాట్రిబ్యూట్లు పనిచేయడం మొదలుపెడతాయి. ముందే శుభ్రం చేయాలి.

పెద్ద ఫైళ్లకు ఇది తగదు. టెక్స్ట్ అంతా చేతిలో ఉండాలి, చెట్టంతా మెమరీలో నిలవాలి, పని ముగిసేదాకా పేజీ కదలదు. దీన్ని వెబ్ వర్కర్‌లోకి (పేజీకి అడ్డురాకుండా పక్కన నడిచే స్క్రిప్టు) తోసేద్దామంటే అక్కడ డామ్‌పార్సర్ లేనే లేదు. అలాంటి చోట ముక్కలు ముక్కలుగా చదివే సాక్స్ తరహా జావాస్క్రిప్ట్ పార్సర్‌ను ఎంచుకోవాలి.