కవరు బాగుంది, షేరు సంగతి వేరు

ఇది రెండు వస్తువుల సమీక్ష. ఒకటి, పారేస్తే ఎరువైపోతుందని చెప్పి అమ్ముతున్న ప్యాకింగ్ కవర్లు. రెండోది, ఆ కవర్లు తయారుచేసే చిన్న కంపెనీ షేరు. కంపెనీ పేరు రాయడం లేదు. రోజుకు కొద్ది షేర్లే చేతులు మారే చోట ఎవరో రాసిన నాలుగు ముక్కలకు కూడా ధర ఊగుతుంది, ఆ పాపం నాకెందుకు?

నేను ప్లాస్టిక్ ఫిల్మ్ యూనిట్‌లో, క్వాలిటీ విభాగంలో చాలాకాలం పనిచేశాను. కవరు వేళ్ల మధ్య నలిపితే సుమారుగా ఎన్ని మైక్రాన్లో చెప్పగలను. షేర్ల విషయంలో మాత్రం అందరిలాంటి చిన్న మదుపరినే. మా బావగారు, మేనల్లుడు, యూనిట్‌లో నా పాత సూపర్‌వైజర్, నేను, అప్పుడప్పుడు కూర్చుని ఏది కొనాలి, ఏది అమ్మాలి అని వాదించుకుంటాం. ఈ కంపెనీ మీద జరిగినంత గొడవ ఇంకే కంపెనీ మీదా జరగలేదు.

బావగారిది ఒకటే మాట. "ప్లాస్టిక్ మీద అన్ని దేశాలూ నిషేధాలు పెడుతున్నాయి. ఆర్డర్లు వీళ్లకు కాక ఇంకెవరికి వెళ్తాయి?" మేనల్లుడు కంపెనీ ప్రెజెంటేషన్ తెరిచి మార్కెట్ లెక్క చూపిస్తాడు. ప్రపంచంలో ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్ తయారవుతుంటే మొక్కల నుంచి చేసినవో, మట్టిలో కలిసేవో అయిన బయోప్లాస్టిక్స్ వాటా అర శాతం దగ్గరే ఉంది. "అది ఒక్క శాతానికి వెళ్లినా రెట్టింపే కదా అత్తా!" ఈ రకం లెక్క వింటే నాకు టెన్షన్. అది ఇన్నేళ్లుగా అర శాతం దగ్గరే ఎందుకు ఉండిపోయిందో ఆ స్లయిడ్‌లో ఎవరూ రాయరు.

అందుకని కంపెనీ వెబ్‌సైట్‌లో అమ్మే శాంపిల్ పెట్టె తెప్పించాను. అందులో మూడు రకాలున్నాయి: కొరియర్ కవరు, చెత్తబుట్టలో వేసే లైనర్, జిప్ ఉన్న నిలబడే పౌచ్.

కొరియర్ కవరు నాకు నచ్చింది. చేతికి మెత్తగా, కాస్త రబ్బరులా తగులుతుంది. పీబీఏటీ అనే మెత్తటి ప్లాస్టిక్ ఎక్కువగా కలిపిన ఫిల్మ్ అలాగే ఉంటుంది. లాగితే ముందు సాగి ఆ తర్వాతే తెగింది. సీలింగ్ గీత వెంట ఎక్కడా ఊడలేదు. మూలలు పొడుచుకొచ్చే పుస్తకాలు కుక్కి దూరం పంపినా చిరగకుండా చేరింది. ప్రింటింగ్ కొంచెం మసగ్గా ఉంది, అది పెద్ద లోపమేం కాదు. కవరు నిండా ఆకుల బొమ్మలు వేసి "మొక్కల నుంచి" అని రాయడమే నాకు రుచించలేదు. మార్కెట్లో దొరికే పీబీఏటీ చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చేదే. సూక్ష్మజీవులు దాన్ని తినగలవన్నది నిజమే. కానీ మొక్క నుంచి పుట్టడం వేరు, మట్టిలో కలవడం వేరు. ఈ సంగతి చెబితే మేనల్లుడు వెంటనే నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నాకే ఊరుకున్నాడు.

లైనర్ కూడా బాగానే ఉంది. తడిచెత్త వేసి ఎక్కువసేపు ఉంచితే అడుగున చెమర్చింది కాబట్టి రోజూ తీసేసేవాళ్లకే ఇది పనికొస్తుంది. దాని మీద టీయూవీ ఆస్ట్రియా అనే సర్టిఫికేషన్ సంస్థ వాళ్ల 'ఓకే కంపోస్ట్ హోమ్' ముద్ర ఉంది. ఇంటి కంపోస్టులో ఉండే మామూలు వేడిలో, అంటే 20 నుంచి 30 డిగ్రీల మధ్య, ఏడాదిలోపు జీర్ణం కావాలన్నది ఆ ముద్రకు షరతు. మా కంపోస్టు డబ్బాలో వేస్తే ముక్కలై, ఆ ముక్కలు కూడా తర్వాత కంటికి కనబడకుండా పోయాయి.

చిక్కంతా పౌచ్ దగ్గరే, కంపెనీ ఎక్కువ లాభం చూపించేది కూడా దాని మీదే. మొదట చప్పుడు. ముట్టుకుంటే చాలు, గరగరమంటుంది. ఇది నవ్వేసి వదిలేసే విషయం కాదు. అమెరికాలో ఫ్రిటో-లే కంపెనీ తన సన్‌చిప్స్ చిరుతిండికి పీఎల్ఏతో, అంటే మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ప్లాస్టిక్‌తో, చేసిన కంపోస్టబుల్ (ఎరువుగా మారే) ప్యాకెట్ తెచ్చి, చప్పుడు భరించలేకపోతున్నామని జనం గోల పెడితే 2010లో చాలా రకాలకు పాత ప్యాకెట్‌నే మళ్లీ పెట్టింది. వస్తువు మట్టిలో ఎలా కలుస్తుందన్నది తర్వాతి మాట, ముందు చేతిలో బాగుండాలి.

తర్వాత తేమ. నీలం సిలికా జెల్ గింజలు కొన్ని ఈ పౌచ్‌లో, కొన్ని మామూలు లామినేటెడ్ పౌచ్‌లో వేసి సీల్ చేసి పక్కపక్కన పెట్టాను. గింజలు తేమ పీలిస్తే గులాబీ రంగుకు తిరుగుతాయి. ఈ పౌచ్‌లోవి ముందే రంగు మారాయి, మామూలు దాంట్లోవి ఇంకా నీలంగానే ఉన్నాయి. పీఎల్ఏ, పీబీఏటీలు నీటి ఆవిరిని పాలిథీన్ కంటే బాగా ఎక్కువ వదులుతాయని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. దాన్ని ఆపే పొర పలచగా వేయగలిగితే అదే అసలైన టెక్నాలజీ. ప్రెజెంటేషన్‌లో ఆ పొర గురించి రంగు రంగుల బొమ్మ ఉంది. నా చేతికొచ్చిన పౌచ్‌లో దాని ప్రభావం నాకు కనబడలేదు.

ఇక మట్టిలో కలిసే సంగతి. పౌచ్ మీద ఉన్నది 'ఓకే కంపోస్ట్ ఇండస్ట్రియల్' ముద్ర. అంటే దాదాపు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టింగ్ ప్లాంటులో వేయాలి. పీఎల్ఏ మెత్తబడడం మొదలయ్యేదే 60 డిగ్రీల దగ్గర, ఆ వేడి లేకపోతే అది చాలా మొండి పదార్థం. మా డబ్బాలో వేస్తే పౌచ్ మురికి పట్టిందే గానీ జిప్ కొత్తదానిలా పడుతూనే ఉంది. అది పౌచ్ తప్పు కాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "ప్రకృతిలో కలిసిపోతుంది" అని వేసి, ప్లాంటు మాట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేసినవాళ్ల తప్పు. బ్రిటన్‌లో ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ఇలాంటి సంచుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నాక కూడా సామాను మోయగలిగింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లోపే మాయమైంది గానీ మట్టిలో 27 నెలల తర్వాత కూడా కనిపించింది. ఎక్కడ పడేస్తామో చెప్పకుండా 'కలిసిపోతుంది' అనడంలో అర్థం లేదు.

కస్టమర్ సర్వీసుకు మాత్రం మంచి మార్కులే వేయాలి. పౌచ్ సర్టిఫికెట్ కాపీ అడిగితే ఆలస్యం చేయకుండా, మర్యాదగా పంపారు. తెరిచి చూస్తే అది పౌచ్ సర్టిఫికెట్ కాదు. వీళ్లకు గ్రాన్యూల్స్ (కరిగించి ఫిల్మ్ తీసే ప్లాస్టిక్ గుళికలు) సరఫరా చేసే మరో పెద్ద కంపెనీ పేరు మీద, ఆ గ్రాన్యూల్స్‌కు వచ్చిన సర్టిఫికెట్. మళ్లీ రాస్తే "ఫినిష్డ్ పౌచ్ సర్టిఫికేషన్ ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. మరి ముద్ర ఎలా వేశారని అడిగితే ఆ విభాగానికి పంపామన్నారు.

తెలియనివాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం పదార్థం ఆరు నెలల్లోపు 90 శాతం జీర్ణం కావాలి. 12 వారాల కంపోస్టింగ్ తర్వాత రెండు మిల్లీమీటర్ల జల్లెడ మీద పది శాతానికి మించి మిగలకూడదు. భార లోహాలకు పరిమితి ఉంది. ఆ ఎరువులో మొక్కలు సరిగా మొలవాలి. ఈ పరీక్షలో మందం లెక్కలోకి వస్తుంది. పలచటి ఫిల్మ్ పాసైనంత మాత్రాన దానికి రెండింతల మందం ఉన్న జిప్ పాసైనట్టు కాదు. ఇంకు, జిగురు కూడా లెక్కే. గ్రాన్యూల్స్ సర్టిఫికెట్‌ను పౌచ్‌కు చూపించడమంటే, సిమెంటు బస్తా మీద ముద్ర చూపించి ఇల్లు గట్టిదనడమే.

నాలో వినియోగదారుకు వచ్చిన కోపం అక్కడితో ఆగింది. మదుపరికి మాత్రం అప్పుడే అసలు ప్రశ్న తగిలింది. పదార్థం వేరేవాళ్లది, దాని సర్టిఫికెట్ వేరేవాళ్లది. మరి ఈ కంపెనీ 'టెక్నాలజీ' ఏది?

మేనల్లుడు పట్టుదలగా పేటెంట్లు తిరగేశాడు. జిప్‌ను ఫిల్మ్‌కు తక్కువ వేడి దగ్గర అతికించే పద్ధతి ఒకటి, మిశ్రమం పాళ్ల మీద మరొకటి. పనికొచ్చేవే, కాదనను. పీఎల్ఏ సీలింగ్ ఎంత చిరాకో నాకు తెలుసు. గ్రాన్యూల్స్‌ను సరిగా ఆరబెట్టకుండా మెషీన్‌లో వేస్తే కరిగేటప్పుడే ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులు తెగి ఫిల్మ్ పెళుసెక్కుతుంది. ఇవన్నీ దాటి రోల్ సాఫీగా తీస్తున్నారంటే మంచి పనివాళ్లు ఉన్నట్టే. అయితే అది మంచి సంచుల కంపెనీ అవుతుంది. షేరు ధర మాత్రం కొత్త పదార్థం కనిపెట్టిన కంపెనీ ధరలా ఉంది.

"పదార్థం సొంతదైతే కొనేదానివా?" అని బావగారు గట్టిగానే అడిగారు. అక్కడా పూలబాటేం లేదు. అమెరికాలో మెటబాలిక్స్ అనే కంపెనీ బ్యాక్టీరియాతో పీహెచ్ఏ ప్లాస్టిక్ తీసింది. ఏడీఎం లాంటి ధాన్యం దిగ్గజంతో కలిసి అయోవాలో ఏటా 50 వేల టన్నుల సామర్థ్యంతో ప్లాంటు పెట్టారు. ఖర్చు, అమ్మకాలు లెక్కకు రావడం లేదని 2012 జనవరిలో ఏడీఎం తప్పుకుంది. 2016లో మెటబాలిక్స్ ఆ సాంకేతికతను కొరియా కంపెనీ సీజేకు అమ్మేసింది. తర్వాత డానిమర్ సైంటిఫిక్. 2020 చివర్లో స్పాక్ (వేరే కంపెనీని కలుపుకోవడానికే ముందుగా లిస్టైన డొల్ల కంపెనీ) ద్వారా లిస్టయింది, 2021 ఫిబ్రవరిలో 60 డాలర్లు దాటింది. ఆ మరుసటి నెలే దాని వాదనల మీద పత్రికల్లో ప్రశ్నలు లేచాయి. 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. రెండింటిలోనూ పదార్థం నిజమైనదే. ప్లాంటు నిండేంత ఆర్డర్లు రాకముందే డబ్బు అయిపోయింది, అంతే.

నిషేధాల మాటకు కూడా బావగారికి జవాబు చెప్పాల్సొచ్చింది. 2019 నాటి యూరప్ చట్టం 2021 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలను నిషేధించింది. బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్‌తో చేసినవాటికీ మినహాయింపు ఇవ్వలేదు. మామూలు పాలిథీన్‌లో రసాయనం కలిపి ముక్కలయ్యేలా చేసే ఆక్సో రకాన్నైతే పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధం మీద బ్రిటన్ కంపెనీ సింఫనీ ఎన్విరాన్‌మెంటల్ కోర్టుకెక్కితే 2024 జనవరిలో యూరప్ జనరల్ కోర్టు కొట్టేసింది. చట్టం ఎవరి నెత్తిన పడుతుందో నిర్వచనంలోని ఒక వాక్యం తేలుస్తుంది. "నువ్వు మరీ శంకిస్తావ్" అన్నారాయన. అన్నా, ఆ చట్టం కాపీ పంపమన్నారు.

ఇంతసేపూ మాట్లాడని సూపర్‌వైజర్‌గారు చివర్లో అన్న మాటకే నేను ఎక్కువ బరువిస్తాను. "మేడమ్, సంచుల కంపెనీ అని చిన్నచూపు వద్దు. గ్రాన్యూల్స్ తీసేవాడి ప్లాంటు ఖాళీగా ఉంటే చచ్చాడే. వీళ్లు అదే మెషీన్ మీద ఈ నెల కంపోస్టబుల్, వచ్చే నెల మామూలు పాలిథీన్ తీసుకుంటారు. బతుకుతారు." నిజమే. అర్ధవార్షిక ఫలితాల్లో మళ్లీ వెతికితే, ఆదాయంలో పెద్ద భాగం మామూలు ఫిల్మ్ నుంచే వస్తోందని ఒక నోట్‌లో కనబడింది. ప్రెజెంటేషన్‌లో ఆ ముక్క లేదు. కంపోస్టబుల్ గ్రాన్యూల్స్ ధర మామూలు పాలిథీన్‌కు రెండు మూడు రెట్లుంటే, చమురు ధర పడ్డప్పుడల్లా తేడా ఇంకా పెరుగుతుంది. అప్పుడు కూడా ఈ కంపెనీ నిలబడేది ఆ పాత ఫిల్మ్ వల్లే.

కంపెనీ పోతుందని నా భయం కాదు. ఇంకో మెషీన్ కొనడానికి మళ్లీ కొత్త షేర్లు జారీ చేస్తారని, మన వాటా పలచబడుతుందని. నగదు ప్రవాహం చూస్తే ఆ రోజు ఎంతో దూరంలో లేదు.

రేటింగ్ అంటారా, కొరియర్ కవరుకు ఐదుకు నాలుగు, లైనర్‌కు నాలుగు, పౌచ్‌కు రెండు. షేరుకు ఇప్పటి ధర దగ్గర ఒకటిన్నర. ఒక మామూలు ప్యాకింగ్ కంపెనీకి ఇచ్చే ధరకు దిగితే మూడు ఇస్తాను, కొంచెం కొంటాను కూడా. బావగారు తన వాటాలో సగం అమ్మి, మిగతా సగం పౌచ్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఉంచుతానన్నారు. మేనల్లుడు ఒక్కటి కూడా అమ్మలేదు. వార్షిక సమావేశంలో అడగమని వాడికి రెండు ప్రశ్నలు రాసిచ్చాను. ఫినిష్డ్ పౌచ్ సర్టిఫికెట్ నంబరు ఎంత? మొత్తం అమ్మకాల్లో కంపోస్టబుల్ సరుకు ఎన్ని టన్నులు? లైనర్లు అయిపోవచ్చాయి, వాటికి మళ్లీ ఆర్డరు పెట్టాను.