పుష్యమాసంలో కూడా ‘ఫుల్’ అయిపోయే ఫంక్షన్ హాల్

హాల్ వరకే అయితే 5కి 4 స్టార్లు ఇస్తాను. బుకింగ్ ఆఫీసుని కూడా కలిపి లెక్కేస్తే ఒకటి, అదీ చేతులు కడుక్కునే దగ్గర నీళ్లు ఆగకుండా వస్తాయని. ఉన్నది గుంటూరులోనే. పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్లు మాతో అన్నదంతా నోటిమాటే, కాగితం మీద ఒక్క ముక్క లేదు, రేపు "మేం అలా అనలేదే" అంటే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ముందు మంచి చెప్పేస్తా. శ్రావణంలో మా బంధువుల పెళ్లి అక్కడే జరిగింది. స్టేజీ బాగా వెడల్పు, పీటల చుట్టూ బంధువులూ ఫొటోగ్రాఫర్లూ మూగినా కింద కూర్చున్నవాళ్లకి పెళ్లికూతురు కనపడుతుంది, ఇది ఈమధ్య చాలా హాళ్లలో లేని సుఖం. డైనింగ్ హాల్ వేరేగా ఉంది, బంతికి రెండొందల మంది పడతారు. వంటశాల వెనకవైపు, మన వంటవాళ్లని మనం తెచ్చుకోవచ్చు. కార్లు రోడ్డు మీద పెట్టక్కర్లేదు. అద్దె లక్షా పాతిక వేలు, కరెంటు, డీజిల్, క్లీనింగ్ వేరే. ఆ రేటుకి అంతకంటే మంచి హాల్ నేను చూడలేదు. అందుకే మా ఆఫీసులో నా పక్క సీటు ఆయన కొడుకు వలీమాకి, అంటే ముస్లింలు నిఖా తరవాత ఇచ్చే పెళ్లి విందుకి, హాల్ వెతుకుతుంటే నేనే దీని సంగతి చెప్పి, తోడు కూడా వెళ్లాను.

మేనేజర్ మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి డైరీ తీశాడు. మాకు కావాల్సింది జనవరి మొదటి వారం, పుష్యమాసం. శూన్యమాసం కాబట్టి ముహూర్తాలు లేవు, ఆ రోజుల్లో ఫంక్షన్ హాళ్లు తాళాలేసుకుని ఉంటాయి. డైరీలో ఆ వారమంతా తెల్లగా ఉంది, ఎదురుగా కూర్చున్న నాకు తలకిందులుగానే అయినా స్పష్టంగా కనపడుతోంది. "ఎవరి పేరు మీద రాయమంటారు?" అన్నాడు. మా కొలీగ్ తన పేరు చెప్పాడు. పెన్ను రెండక్షరాల దగ్గర ఆగిపోయింది. క్యాప్ పెట్టేసి, "ఆ డేట్ ఫుల్ సార్" అన్నాడు. ముందు రోజు? అదీ ఫుల్. పోనీ ఆ తరవాతి వారం? "చూసి ఫోన్ చేస్తాను." పుష్యమాసంలో వారాలకి వారాలు ఫుల్!

నేను వదల్లేదు, డైరీ ఖాళీగానే ఉంది కదండీ అన్నాను. అప్పుడు నాన్‌వెజ్ సంగతి తీశాడు, వంటశాలలో మాంసం వండనివ్వరట. మా కొలీగ్ వెంటనే సరేనన్నాడు, ఇక్కడ శాకాహారమే పెట్టిస్తాం, కావాల్సినవాళ్లకి మర్నాడు ఇంటి దగ్గర బిర్యానీ పెట్టుకుంటాం అని. మేనేజర్‌కి దారి మూసుకుపోయింది. "ఓనర్ గారి సెంటిమెంట్ సార్, ఏమనుకోవద్దు, ఆ స్టేజీ మీద కల్యాణాలు జరుగుతుంటాయి కదా." ఇక్కడితో ఆపేసినా నేను ఇంత రాసేవాణ్ని కాదేమో. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "మీ పేరు మీద బుక్ చేసుకోండి, బయట ఫ్లెక్సీ పెట్టకండి, మేం చూసీచూడనట్టు ఉంటాం" అన్నాడు. అంటే అదే జనం, అదే భోజనం, అదే స్టేజీ, అన్నీ ఓకే, రసీదు మీద పేరు ఒక్కటీ మారాలి. లక్షా పాతిక వేలకి మాత్రం ఏ మైలా లేదు. మా కొలీగ్ కోప్పడలేదు, "నా కొడుకు వలీమా నా పేరు మీదే చేసుకుంటానండీ" అని లేచాడు.

ఇది చెబితే ఇంట్లో, ఆఫీసులో సగంమంది "వాళ్ల హాలు వాళ్లిష్టం" అన్నారు. కాదు, పూర్తిగా వాళ్లిష్టం కాదు. రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం చూడండి: దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతం, కులం, పుట్టిన ఊరు లాంటి కారణాలతో ఏ పౌరుణ్నీ అడ్డుకోకూడదని ఉంది, ఇది ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వాళ్లకీ వర్తిస్తుంది. ఫంక్షన్ హాల్ దుకాణం ఎలా అవుతుందని అడిగే తెలివైనవాళ్లు ఉంటారు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఇలాంటి సందేహమే వస్తే అంబేడ్కర్ జవాబిచ్చారు. దుకాణం అన్నమాటని విశాలంగానే తీసుకోవాలని, అడిగిన వాళ్లకి షరతులు కుదిరితే సేవ అందించే చోటు ఏదైనా అందులోకి వస్తుందని దాని సారాంశం. 2011లో సుప్రీంకోర్టు ఇదే విశాలమైన అర్థం పట్టుకుని ప్రైవేటు విద్యాసంస్థల్ని కూడా అందులోకి తెచ్చింది. రోజు అద్దెకి, డీజిల్ బిల్లుకి నడిచే హాల్ అందులో పడకపోతే ఇంకేది పడుతుంది?

చిక్కల్లా ఎక్కడంటే, హక్కు ఉంది గానీ ఫిర్యాదు చేసే కిటికీ లేదు. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం హోటళ్లలో, దుకాణాల్లో అంటరానితనం పాటించేవాళ్లని శిక్షిస్తుంది, టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద కేసులు పెట్టగలిగేది అలాంటి చట్టాల వల్లే. కేవలం మతం చూసి హాల్ ఇవ్వకపోతే స్టేషన్‌కి వెళ్లి ఫలానా సెక్షన్ అని చెప్పడానికి అలాంటిది లేదు. హైకోర్టులో రిట్ వేసుకోవాలి. ఈలోపు కొత్త దంపతులకి పిల్లలు పుట్టి స్కూలుకి వెళ్తుంటారు. మేనేజర్‌కి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు, అందుకే అంత మర్యాదగా మాట్లాడాడు.

ఓనర్ నమ్మకానికి విలువ లేదా అంటే, ఉంది. మాంసం వండొద్దు, మందు తేవొద్దు, చెప్పులు స్టేజీ ఎక్కకూడదు, ఏదైనా పెట్టుకోనీ, నాకే పేచీ లేదు, అందరికీ ఒకటే రూల్ అయితే. దేవస్థానం వాళ్ల కల్యాణ మండపం హిందువుల పెళ్లిళ్లకే అంటే అర్థం చేసుకోగలను, అది గుడి సొత్తు. పురోహితుణ్ని నిఖా చదవమని ఎవరూ అడగరు. అమెరికాలో ఉన్న మా కజిన్ ఫోన్‌లో "ఇక్కడ కేకు షాపువాడు కాదన్నా కోర్టు ఒప్పుకుంది తెలుసా" అని వాదించాడు. ఒప్పుకున్నది అంతా కాదు. ఇద్దరు మగవాళ్ల పెళ్లికి కేకు చేయనన్న 2018 కొలరాడో కేసులో బేకర్ గెలిచింది అక్కడి పౌర హక్కుల కమిషన్ అతని మతం పట్ల ద్వేషంగా ప్రవర్తించిందన్న కారణంతో. 2023లో అలాంటి పెళ్లిళ్లకి వెబ్‌సైట్లు చేయనన్న ఆవిడ 6–3 తీర్పుతో గెలిచింది, అదీ తను నమ్మని మాటలు తనచేత రాయించకూడదని. అదే దేశంలో హోటళ్లు, రెస్టారెంట్లు, థియేటర్లు మతం చూసి మనిషిని వెనక్కి పంపకూడదని 1964 నుంచీ చట్టం ఉంది. మరి కుర్చీలు, ఫ్యాన్లు, వంటశాల అద్దెకిస్తే ఓనర్ నోటితో ఎవరేం పలికించినట్టు?

2024 జులై 22న ఉత్తరాదిలో శివభక్తులు గంగాజలం మోసుకెళ్లే కావడి (కన్వర్) యాత్ర దారిలో హోటళ్ల ముందు ఓనర్ల పేర్లు రాయాలన్న ఆదేశాల్ని సుప్రీంకోర్టు ఆపేసింది కదా, అక్కడా గీత ఇలాగే గీసింది: ఏం వండుతున్నారో బోర్డు పెట్టమనొచ్చు, మీ పేరేంటో చెప్పమని బలవంతపెట్టకూడదు. ఆ బెంచ్‌లో ఉన్న జస్టిస్ భట్టి మన మదనపల్లె ఆయనే. కేరళలో ఉన్నప్పుడు ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కే వెళ్లేవాణ్నని, శుభ్రత బాగుంటుందని అక్కడ విచారణలోనే చెప్పారు. నేనూ హాల్‌కి నీళ్లు, పార్కింగ్ చూసే స్టార్లు వేశాను.

వలీమా చివరికి ఊరి అవతల ఇంకో హాల్లో చేశారు. దాని ఓనర్ అయ్యప్ప మాలలో ఉన్నాడు. డైరీలో పేరు రాసుకుని అడ్వాన్స్‌కి రసీదిచ్చి, "నేను దీక్షలో ఉన్నాను సార్, ఆ రోజు భోజనాల వైపు రాను, మా బావమరిది చూసుకుంటాడు" అన్నాడు, అంతే. నాన్‌వెజ్ వంటకి వెనక రేకుల షెడ్డు ఇచ్చాడు, గిన్నెలు మీరే తెచ్చుకోవాలన్నాడు, తెచ్చుకున్నారు. సెంటిమెంట్ ఆయనదీ తక్కువేం కాదు, దాన్ని ఆయనే మోసుకున్నాడు. బిర్యానీ మాత్రం అదిరిపోయింది, నేను రెండోసారి వడ్డించుకున్నాను.

ఇక ఆ హాల్ రివ్యూ కూడా చెప్పాలిగా: 5కి 3న్నర. పార్కింగ్ దరిద్రం, పక్కన ఖాళీ స్థలంలో పెట్టాలి, వాన పడితే బురద. లేడీస్ టాయిలెట్లు తక్కువ. ఏసీలు సగమే పనిచేస్తున్నాయి, జనవరి కాబట్టి నడిచిపోయింది, మాఘం దాటి ఎండల్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు అన్నీ ఆన్ చేయించి చూసుకోండి.