మూడేళ్ళుగా వాడుతున్న నా సొంత సబ్‌వూఫర్ బాక్స్, ముఖ్యంగా ఆ పోర్ట్ గొట్టం గురించి

పాటలోని బేస్ మాత్రమే పలికించే ఈ బాక్స్ చేసి మూడేళ్ళు దాటింది. పన్నెండంగుళాల డ్రైవర్ (శబ్దం పుట్టించే స్పీకర్ భాగం), 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలకలు, లోపల 60 లీటర్లు, 28 హెర్ట్జ్‌కి ట్యూనింగ్, అంటే గొట్టంలో గాలి అన్నిటికన్నా గట్టిగా ఊగే ఫ్రీక్వెన్సీ. ఇక్కడిదాకా అందరూ చేసేదే కాబట్టి పలకలు ఎలా కోశానో, జిగురు ఎలా పట్టించానో రాయను. నేను చెప్పాలనుకున్నది పోర్ట్, అంటే పెట్టెలోంచి బయటికి తెరుచుకునే ఆ గొట్టం, ఒక్కదాని గురించే, ఎందుకంటే ఈ బాక్స్‌లో నాకు నిద్ర లేకుండా చేసింది అదే, ఇప్పుడు పాట పెట్టిన ప్రతిసారీ మురిసిపోయేదీ దాన్ని చూసే.

ముందు మురిపెం సంగతి. జిగురు ఆరాక మొదటి రోజు సైన్ టోన్లు (ఒకే ఫ్రీక్వెన్సీ ఉండే శబ్దాలు) పెట్టి 40 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చా. కోన్, అంటే డ్రైవర్ ముందు గరాటులా ఉండే భాగం, బాగా ఊగుతూ ఊగుతూ 30 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోయింది, వేలు ఆనించి చూస్తే సన్నటి వణుకు, అంతే, కానీ గది తలుపు మాత్రం గడగడలాడుతోంది. ఆ మోత అంతా గొట్టంలోంచి వస్తోంది. పెట్టెలో గాలి స్ప్రింగులా ఉంటుంది, గొట్టంలో గాలి బరువులా ఊగుతుంది అని చదివి ఉన్నాను, కానీ కోన్ ఊరికే నిలబడి ఉండగా గది అదరడం కళ్ళారా చూడ్డం వేరే అనుభవం, ఆ సాయంత్రం ఎంతమందికి ఫోన్ చేసి చెప్పానో.

28కి లెక్క కడితే 30 దగ్గర ఎందుకొచ్చిందంటే, 60 లీటర్లు అన్నది ఖాళీ పెట్టె కొలత. డ్రైవర్ వెనక భాగం, లోపల కొట్టిన అడ్డచెక్కలు, గొట్టం ఇవన్నీ తినే చోటు అందులోంచి తీసెయ్యాలి, నేను తియ్యలేదు, తీసేస్తే మిగిలేది 54 లీటర్లే. పెట్టె చిన్నదైతే ట్యూనింగ్ పైకి పోతుంది. ఆ కాస్త తేడాకి చెవి ఏమీ అనలేదు కాబట్టి అప్పట్లో వదిలేశా.

అసలు తప్పు ఇంకోచోట చేశా. గొట్టం లోపలి వ్యాసం ఏడున్నర సెంటీమీటర్లు పెట్టా. 10 సెంటీమీటర్లది పెడితే మంచిదని తెలుసు, కానీ లెక్క ప్రకారం దానికి 43 సెంటీమీటర్ల పొడుగు కావాలి, నా పెట్టె లోపలి వెడల్పు 40, పట్టదు. ఏడున్నర దానికైతే 23 చాలు, పక్క పలకలోంచి తిన్నగా దూరిపోతుంది. రెండూ ఒకే ట్యూనింగ్ ఇస్తున్నప్పుడు చిన్నదే నయం కదా అనుకున్నా.

మొదటి నెల అంతా బాగుంది, మహా బాగుంది. తర్వాత ఒక పాటలో, మిగతా వాయిద్యాలన్నీ ఆగి బేస్ గిటార్ ఒక్కటే సాగే చోట, నోట్ వెనకాల 'ఫుస్‌స్' మని సన్నగా బుస వినిపించింది. రికార్డింగ్‌లోనే ఉందేమో అనుకుని హెడ్‌ఫోన్‌లో విన్నా, లేదు. ఇంక అది వినపడ్డాక వినపడకుండా పోదు కదా, ప్రతి పాటలో దానికోసమే చెవులు రిక్కించడం, ఒక పాటలో ఉంటుంది, ఇంకో పాటలో ఎంత సౌండ్ పెంచినా ఉండదు, నాకేమీ అర్థం కాలేదు. పెట్టెలో ఎక్కడో గాలి కారుతోందని గట్టిగా నమ్మేశా. చెయ్యి తడిపి ప్రతి అతుకు దగ్గరా పెట్టి చూశా, వైర్లు బిగించే టెర్మినల్ దగ్గర కొంచెం చల్లగా తగిలినట్టు అనిపిస్తే దాని కింద కొత్త గాస్కెట్ వేశా, అయినా బుస పోలేదు. డ్రైవర్ ఊడదీసి లోపల మూలలన్నిటికీ మళ్ళీ సీలెంట్ పట్టించి ఒక రోజంతా ఆరబెట్టి బిగించా, పోలేదు. డ్రైవర్ మధ్య టోపీ ఊడిందేమో, కాయిల్ రాసుకుంటోందేమో అని చేత్తో మెల్లగా నొక్కి చూశా, శుభ్రంగా ఉంది. రెండు వారాంతాలు ఇలాగే పోయాయి.

చివరికి విసుగెత్తి గొట్టంలో ఒక తువ్వాలు కుక్కా. బుస ఠక్కున ఆగిపోయింది. బేస్ కూడా సగం పోయిందనుకోండి, కానీ దొంగ దొరికాడు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఆ పాటల తేడా కూడా తెలిసింది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది నోట్ 41 హెర్ట్జ్, అక్కడ కోన్, గొట్టం పని పంచుకుంటాయి. ఐదు తీగల గిటార్‌లో కింది తీగ 31 హెర్ట్జ్, అంటే సరిగ్గా నా ట్యూనింగ్ పక్కనే, అక్కడ పనంతా గొట్టానిదే, గాలి అన్నిటికన్నా జోరుగా పరిగెత్తేది అక్కడే. నాకు బుస వినిపించిన పాటలన్నీ ఈ ఐదు తీగలవి. బాక్స్ లెక్కలు కట్టే విన్‌ఐఎస్‌డీ సాఫ్ట్‌వేర్‌లో ఆ గాలి వేగం గ్రాఫ్ మొదటి నుంచీ నా కళ్ళముందే ఉంది, నేను తెరిచి చూడలేదు. చూస్తే సెకనుకి 34 మీటర్లు! ధ్వని వేగంలో అయిదు శాతం, అంటే 17 మీటర్లకి అటూఇటూ ఉంచుకోమంటారు, నేను దానికి రెట్టింపులో ఉన్నా. డిజైన్ చేసేవాళ్ళు దయచేసి ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ ఎంత అందంగా ఉందో చూసి ఆగిపోకండి, ఆ రెండో గ్రాఫ్ చూశాకే రంపం పట్టుకోండి.

మార్చడం తేలిక కాలేదు. 10 సెంటీమీటర్ల గొట్టానికి వేగం 19కి దిగుతుంది, సరే, కానీ ఈసారి చోటు కూడా లెక్కేశా. పెద్ద గొట్టం ఎక్కువ చోటు తింటుంది, చోటు తగ్గితే ట్యూనింగ్ పైకి పోతుంది, దాన్ని దించాలంటే గొట్టం ఇంకా పొడుగవ్వాలి, పొడుగైతే ఇంకాస్త చోటు తింటుంది, ఇలా తిరిగి తిరిగి లెక్క 52 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఎల్బో వేసి పైకి తిప్పా, పొడుగు ఎల్బో మధ్య గీత వెంబడి కొలిచా, లోపలి చివర నుంచి పై పలకకి కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ వదిలా. ఉన్న కన్నాన్ని పెద్దది చెయ్యడం ఇంకో తలనొప్పి, మధ్యలో చెక్క లేదు కాబట్టి గుండ్రంగా కన్నం కోసే హోల్ సాకి పట్టు దొరకదు. ఒక చెక్కముక్కలో ముందే పెద్ద కన్నం కోసి, దాన్ని పలక మీద బిగించి, ఆ కన్నంలోంచి హోల్ సా నడిపితే బెసక్కుండా తెగింది. డ్రైవర్ తీసేసి, రంపపు పొట్టంతా వాక్యూమ్‌తో లాగేసి, అప్పుడే గొట్టం పెట్టా. జిగురు వెయ్యకుండా రెండు సెంటీమీటర్లు పొడుగే పెట్టి, టోన్లు పెట్టి చూసుకుంటూ కొంచెం కొంచెం కోశా, కోన్ 28 దగ్గర ఆగేసరికి అతికించేశా. రెండు చివర్లా గంట మూతిలా విచ్చుకునే ఫ్లేర్‌లు పెట్టా, 19 అన్నది 17 కన్నా ఎక్కువే అయినా బుస వినపడకపోవడానికి అవి చాలా సాయం చేశాయి.

ఆ తర్వాత రెండున్నరేళ్ళుగా ఆ పాటే పెట్టి వింటూ ఉంటా, నోట్ మెత్తగా వచ్చి మెత్తగా పోతుంది, వెనకాల ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నాకు బేస్ కన్నా ఎక్కువ ఇష్టం.

అయితే మొదట్లో నేను అందరికీ చెప్పిన మాటలు కొన్ని సవరించుకోవాలి. పోర్ట్ లేకుండా మూసేసిన సీల్డ్ బాక్స్ కన్నా చాలా కిందికి దిగుతుందని చెప్పా. 28 వరకూ నిజమే, దాని కింద మాత్రం ఇది ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, సీల్డ్ అయితే 12 చొప్పునే, అంటే మరీ అడుగున ఇదే ముందు చేతులెత్తేస్తుంది. పైగా ట్యూనింగ్ కింద కోన్‌ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, సినిమాలో ఒక పేలుడు సీన్‌కి కోన్ ఊగిన తీరు చూసి భయమేసి 25 కింది శబ్దాలని ఆపే సబ్‌సానిక్ ఫిల్టర్ పెట్టేశా, అది లేకుండా ఈ బాక్స్ ఎవరికీ ఇవ్వను. డ్రైవర్ అన్నిసార్లు ఊడదీసి బిగించేసరికి ఎండీఎఫ్‌లో స్క్రూ కన్నాలు లూజైపోయాయి, వెనక నుంచి టీ-నట్లు (చెక్కని కరుచుకునే ఇనప నట్లు) కొట్టి బోల్టులు వేశా. మొదటిసారే టీ-నట్లు వేసుకోండి, ఎవరైనా సరే మొదటి బాక్స్ ఒక్కసారి తెరిచి ఆగరు.

ఇంకొకటి, పొడుగు గొట్టానికి తన సొంత కూత ఉంటుంది. నాది 300 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కడో. క్రాస్ఓవర్, అంటే కిందివి సబ్‌వూఫర్‌కి, పైవి మామూలు స్పీకర్లకి పంచే హద్దు, 80 దగ్గర ఉంటే దాని జాడ తెలీదు, 120కి పెంచితే మాత్రం మగ గొంతుల్లో కొంచెం డొల్ల శబ్దం కలుస్తోంది, నా యాంప్‌లో ఫిల్టర్ కోత మెల్లగా ఉండడం వల్ల కూడా కావచ్చు. నా స్పీకర్లు 80 వరకూ తేలిగ్గా దిగుతాయి కాబట్టి సరిపోయింది, చిన్న స్పీకర్ల పక్కన పెట్టుకునేవాళ్ళు వెనక పలకకి పోర్ట్ పెట్టుకుంటే నయం.

నాకు గది చిన్నది, వినేది ఎక్కువగా పాటలే, ఒక మూల 60 లీటర్ల పెట్టె పెట్టుకోడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు, ఈ మూడూ కుదిరాయి కాబట్టి నేను మళ్ళీ చేసినా పోర్టెడే చేస్తా. సినిమాలే ఎక్కువ చూసేవాళ్ళకి, చోటు లేనివాళ్ళకి సీల్డ్ చేసుకోమనే చెప్తున్నా. మళ్ళీ చేస్తే మాత్రం ముందు 10 సెంటీమీటర్ల గొట్టం, ఎల్బో, రెండు ఫ్లేర్‌లు తెచ్చి బల్ల మీద పెట్టుకుని, పెట్టె కొలతలు వాటి చుట్టూ వేసుకుంటా.