సాలిడసా, ట్రెమిసిసా: ఏది మేలు?

చివరి రోమన్ చక్రవర్తుల బంగారం సేకరించడం మొదలుపెట్టేవాళ్లంతా అడిగేది ఇదే. ఉన్న డబ్బంతా ఆనాటి ప్రధాన బంగారు నాణెమైన సాలిడస్ ఒక్కదానికే పెట్టాలా, దానికంటే చిన్న నాణేలైన ట్రెమిసిస్‌లు రెండు తీసుకోవాలా? ట్రెమిసిస్ తూకం మూడో వంతే అయినా ధర సాధారణంగా అంతకు దిగదు. నేనైతే సాలిడస్‌కే ఓటు వేస్తాను. కారణం అందం కాదు, పరీక్షకు ఆగే బరువు.

నికార్సయిన సాలిడస్ 4.4 నుంచి 4.5 గ్రాములు తూగుతుంది, ట్రెమిసిస్ 1.5కి కాస్త అటూ ఇటూ. మిల్లీగ్రాము కాటా మీద నీళ్ల కప్పు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో, అడుగుకు తగలకుండా ముంచండి. కాటా చూపే అంకెతో పొడి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 95 శాతం పైబడిన బంగారమైతే 18.5 దాటాలి. 22 క్యారెట్ల నగల బంగారంతో చేసిన నకిలీ 17.7 దగ్గరే ఆగిపోతుంది. 4.45 గ్రాముల సాలిడస్‌ను ముంచితే కాటా మీద అసలుకు 0.240 గ్రాములు, నకిలీకి 0.251 గ్రాములు వస్తుంది, అంటే 11 మిల్లీగ్రాముల తేడా. ట్రెమిసిస్‌లో ఆ తేడా 4 మిల్లీగ్రాములకు మించదు. అంచుకు 2 మిల్లీమీటర్ల గాలిబుడగ అంటుకుంటే అది కాస్తా పోయినట్టే. గీటురాయి మీద మాత్రం గీయించకండి, అంచు పాడవుతుంది. మంచి బంగారంతోనే చేసిన నకిలీని ఈ నీళ్ల పరీక్ష పట్టుకోలేదు. దానికి అంచును భూతద్దంలో చూడాల్సిందే.

బంగారం కోసం అంచులు కోసేసే కత్తిరింపు సంగతీ అంతే. 0.1 గ్రాము కోస్తే సాలిడస్‌లో పోయేది 2 శాతం, ట్రెమిసిస్‌లో దాదాపు 7. రెండింటిలోనూ 12 గంటల దిక్కున అంచు చదునుగా, మెరుగుపెట్టినట్టు ఉంటే ఒకప్పుడు కొక్కెం అతికించి లాకెట్‌గా వాడారన్నమాట. కర్ణాటకలోని అక్కి ఆలూరు నిధిలోలాగా దక్షిణాదిన దొరికినవాటికి తల పైన రెండు రంధ్రాలుండడం మామూలే. పూడ్చిన రంధ్రం చుట్టూ రంగు తేడా వెతకండి.

ట్రెమిసిస్‌కు మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. తూర్పు రోమన్ సామ్రాజ్యపు సాలిడస్‌లో చక్రవర్తి ముఖం మనవైపు తిరిగి ఉంటుంది కాబట్టి ముందు అరిగేది ముక్కే. ట్రెమిసిస్‌ది పక్కముఖం, కాస్త అరిగినా పోలిక నిలుస్తుంది. కాకపోతే పడమటి ట్రెమిసిస్‌లు చాలావాటిపై కోమోబ్ (COMOB) అనే మామూలు ముద్రాక్షరాలు తప్ప ఊరి గుర్తు ఉండదు, ఏ టంకశాలదో తేల్చడం కష్టం.

సాలిడస్‌లో సగం విలువైన సెమిసిస్ దొరకడమే అరుదు, సాలిడస్‌కు ముందటి బంగారు నాణేలైన డయొక్లీషియన్ చక్రవర్తి ఆరియస్‌ల ధరలు వేరే లోకం. రెండింటినీ వదిలేయొచ్చు.

భారతదేశంలో కొనేవారికి ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. లైసెన్సున్న వ్యాపారి దగ్గరే కొని, బిల్లు దాచుకోండి.

నా లెక్కకు ఒక్క మినహాయింపుంది. 474–475లో పడమర ఏలిన జూలియస్ నెపోస్ లాంటివాళ్ల సాలిడస్ అందరికీ అందదు. అక్కడ ట్రెమిసిసే దారి, 1.40 గ్రాముల కంటే తక్కువ తూగేదాన్ని మాత్రం ముట్టుకోకండి.