టీడీఎస్ మీటర్ చూసి ఫిల్టర్ కొనకండి, ఫ్లోరైడ్ ఊళ్ళవాళ్ళు మరీ జాగ్రత్త

పొద్దున ల్యాబ్ రిపోర్ట్ చేతికొచ్చింది. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 3.4 మిల్లీగ్రాములు, ఫిల్టర్ నీళ్ళలో 1.9. తాగే నీళ్ళలో 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. 14,500 పోసి ఆర్వో మిషన్ కొన్నది దీనికా?

చౌటుప్పల్ వైపు కొత్త వెంచర్ మాది. భగీరథ నల్లా ఇంకా రాలేదు, బోరే గతి. కొనేటప్పుడే చెప్పాను, మాకు ఫ్లోరైడ్ పోవాలి, మిగతావి తర్వాత అని. "గ్యారంటీ అన్నా" అన్నాడు షాపువాడు. వారానికి నీళ్ళు చప్పగా ఉన్నాయంటే వచ్చి, లోపల ఏదో స్క్రూ తిప్పి, టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపించేది) ముంచాడు. బోరు నీళ్ళు 800, ఇవి 450. 500 లోపు ఉంటే బంగారం లాంటి నీళ్ళన్నాడు. నమ్మాను. ఆ స్క్రూ తిప్పితే మెంబ్రేన్‌లోకి, అంటే లవణాల్ని ఆపే పొరలోకి, వెళ్ళని బోరు నీళ్ళు కొన్ని వచ్చి కలుస్తాయట. రుచితో పాటు ఫ్లోరైడూ వచ్చేస్తుంది. ఈ సంగతి ల్యాబ్‌లో చెబితే గానీ నాకు తెలియలేదు.

రిపోర్ట్ పట్టుకుని షాపుకి వెళ్ళాను. కాగితం చూడను కూడా చూడలేదు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "రెండు లోపే కదా, ఏం కాదు. మీ నల్గొండోళ్ళకి అలవాటేగా" అన్నాడు.

అలవాటు! మా సొంతూరు నల్గొండ జిల్లా మర్రిగూడ పక్కన. మా తాత ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ, నలభై దాటేసరికి నడుము వంగిపోయి, ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాల్సి వచ్చేది. ఆయన్ని చూస్తూ పెరిగిన నేను, నా ఐదేళ్ళ కూతురికి ఎనిమిది నెలలుగా ఇవే నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను. చిగుళ్ళ లోపల శాశ్వత పళ్ళు తయారయ్యే వయసు అది. వంద రూపాయల పని, ఒక బాటిల్ నీళ్ళు ముందే ల్యాబ్‌కి పంపలేకపోయాను. డబ్బు పోతే పోయింది, ఇది మాత్రం మింగుడు పడట్లేదు.

టీడీఎస్ మీటర్‌కి ఫ్లోరైడ్ ఎంతుందో తెలియదు. నీళ్ళు మరిగించినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. యూవీ, మామూలు కార్బన్ ఫిల్టర్లతో కూడా పోదు. ఆర్వో ఉన్నవాళ్ళు ఆ స్క్రూ పూర్తిగా మూయించి, ఫిల్టర్ నీళ్ళు ఒకసారి ఫ్లోరైడ్ టెస్ట్‌కి ఇవ్వండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే రేపే ఇవ్వండి.